పొడి గుడ్డ

అలా పక్కకి ఒరిగిపోతావేరా సుమన్? నిటారుగా కూర్చోమంటే కూర్చోవు. మూడో క్లాసులోనూ ఇదే తంతు. నేను బోర్డు మీద రాస్తుంటే నువ్వు కిటికీ వైపు ఒరిగి సముద్రం కేసి చూసేవాడివి. ఇప్పుడు చూద్దామన్నా నీకు కళ్ళు లేవు. అయినా కిటికీ వైపే ఒరుగుతున్నావు!

ఉండు, నడుం దగ్గర ఇంకాస్త దూది కూరుతాను. ఆఁ... ఇప్పుడు నిలబడింది మెడ.

నవ్వుకోకు. నువ్వు గుడ్డ బొమ్మవని నాకు తెలుసు. నీ చొక్కా, నీ లుంగీ, మా పెరటి బూరుగు చెట్టు దూది, ఇంతే నువ్వు. నా చేతులతో కుట్టినదాన్ని, నాకు తెలీదూ? కానీ ఈ ఇంట్లో నేను మాట్లాడ్డానికి ఇంకెవరున్నారు?

ముందు నిన్ను మంచం మీదే పడుకోబెట్టాను. చూడలేకపోయాను. దుప్పటి మీద వెల్లకిలా, కదలకుండా... సరేలే. అందుకే ఈ ప్లాస్టిక్ కుర్చీలో, నాకెదురుగా కూర్చోబెట్టాను. నీ వీపు కుట్టు ఒక్కటే ఇంకా మూయలేదు. రేపు పొద్దున్నే మీ అమ్మ వచ్చి నిన్ను ఒడ్డుకి తీసుకెళ్ళేలోగా అది మూసేస్తే నా పని అయిపోతుంది. అయిపోతుందనే అందరూ అనుకుంటున్నారు.

అసలు మీ అమ్మకి నేనే దొరికానా, చెప్పు?

నేను కుట్టేవి ఏనుగులు, మేకపిల్లలు, పిల్లులు. రిటైరయ్యాక తోచక మొదలుపెట్టాను. కవిటిలో టైలర్ రమణ, కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ సంచుల్లో కూరి, ఆటోలో వేసి పంపుతాడు. "టీచరమ్మా, ఊళ్ళో అందరి గుడ్డలూ మీ ఏనుగు పొట్టలోనే ఉన్నాయి, దానికి అజీర్తి సెయ్యదేటండి?" అని వేళాకోళం ఆడతాడు. యూనిఫాం నీలంతో ఏనుగు, లైనింగ్ గుడ్డతో మేక, జాకెట్టు ముక్కలతో పిల్లి. వచ్చిన ప్రతి పిల్లకీ ఒకటి.

మనిషిని మాత్రం ఎప్పుడూ కుట్టలేదు. ఎందుకు? చెప్తాను విను. ఏనుగుకి తొండం వంకరపోయినా అది ఏనుగే. మేకకి ఒక చెవి పొడుగైతే పిల్లలకి మరీ ముద్దు. మనిషి సంగతి అలా కాదు. ఒక చెయ్యి కాస్త పొట్టిదైతే చాలు, పాపం వీడికేదో జరిగింది అనిపిస్తుంది.

మీ అమ్మ వచ్చిన రోజు నేను ఏనుగుకి తోక కుడుతున్నాను. సన్యాసమ్మ ఎప్పుడొచ్చినా గుమ్మంలోంచే నవ్వుతుంది కదా, ఆ రోజు నవ్వలేదు. వచ్చి గడప పక్కన కూలబడింది.

"టీచరమ్మా, ఒక బొమ్మ కుట్టాల" అంది.

"మనవరాలికా? మొన్ననేగా సంజన మేకని పట్టుకెళ్ళింది" అన్నాను.

"గుంటకి కాదమ్మా. మా వోడికి" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి సూది ఏనుగులో గుచ్చుతున్నానో నా వేలిలో గుచ్చుతున్నానో తెలీలేదు.

నీకు తెలిసిన సంగతే, అయినా చెప్తాను, చెప్పడం నాకు అలవాటు. సముద్రంలో పోయినవాడు దొరక్కపోతే మీ పేటలో గడ్డితో మనిషిని కట్టి, వాడి బట్టలు చుట్టి, ఒడ్డున దహనం చేస్తారు. నాగుల చవితి వెళ్ళాక పట్టిన వాయుగుండంలో మీ పడవ బోల్తాపడింది. పడవ దొరికింది. నీతో వచ్చిన పైడిరాజు ఎలాగో ఈదుకుని ఒడ్డున పడ్డాడు. నువ్వు దొరకలేదు. పైడిరాజు ఇప్పటికీ మీ ఇంటి ముందు నుంచి నడవడు, తోటలన్నీ చుట్టి తిరిగిపోతాడు. మాఘం వచ్చేసింది. ఇంకెన్నాళ్ళు చూస్తారు చెప్పు? అంత గాలిలో నిన్నెవరు పొమ్మన్నార్రా అసలు? పిలిస్తే పలికేవాడివి కాదు, ఆపితే ఆగేవాడివి కాదు!

మీ అమ్మ గడ్డిబొమ్మ వద్దంటుంది. ఎవరిదో కార్యంలో చూసిందట. గాలికి కట్లు ఊడిపోయి, గడ్డి చెయ్యి ఒకటి ఇసకలో దొర్లుకుంటూ పోయిందట. కుక్కలు దాని వెంటపడ్డాయట.

"మా వోడు అలగ ఇడిపోకూడదమ్మా. కుట్టు గట్టిగా ఉండాల. మీరిచ్చిన ఏనుగుని మా గుంట నీళ్ళలో ముంచీసింది, నేలకేసి కొట్టీసింది, ఒక్క దారం ఊడ్నేదు. పెద్దది అక్కర్నేదు. పసిబిడ్డంత సాలు. నానే ఎత్తుకుని ఎల్తాను."

నానే ఎత్తుకుని ఎల్తాను! విన్నావా?

ఉద్దానంలో చావు ఎవరికి కొత్త? ఇక్కడ చాలామందికిలాగే మా ఆయనకీ కిడ్నీలు పాడై, డయాలసిస్‌కి తిరిగి తిరిగి పోయారు. పోతే పోయారు, ఆయన్ని కడిగాం. తల దువ్వాం. కొత్త పంచె కప్పాం. ఏడవడానికి ఒక మనిషి ఉన్నాడు ఎదురుగా. మీ అమ్మకి అదీ లేదు కదా. ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాక చెప్పింది అసలు సంగతి.

"కళ్ళు ఎట్టకండి. కళ్ళుంటే ఎనక్కి తిరిగి సూత్తాడు. ఇంకోటమ్మా, ఆడి సొక్కాలో గానీ లుంగీలో గానీ ఒక్క పీలిక మిగల్నీకండి."

"ఎందుకు సన్యాసమ్మా?"

నువ్వు ఆవిడ కల్లోకి వస్తున్నావట. గుమ్మం దాకా వచ్చి ఆగిపోతావట. ఒళ్ళంతా నీళ్ళు కారుతుంటాయట. లోపలికి రావట. అక్కడే నిలబడి, "అమ్మా, పొడి గుడ్డ ఉందేటే?" అని అడుగుతావట. ఆవిడ గబగబా లేచి దండెం మీద వెతుకుతుందట. చెయ్యి వేసిన గుడ్డల్లా తడిగానే తగులుతుందట. వెతుకుతూనే ఉంటుంది, నువ్వు అడుగుతూనే ఉంటావు. తెల్లారి లేచి చూస్తే గుమ్మం దగ్గర మట్టి తడిగా ఉంటుందట.

"మంచు పడి ఉంటుందిలే" అన్నాను. టీచర్ని కదా! మంచు ఎలా పడుతుందో, నేల ఎందుకు చెమరుస్తుందో మీ అందరికీ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని.

మీ అమ్మ నా వైపు జాలిగా చూసింది. "మా గుమ్మంకాడే పడుద్దేటమ్మా మంచు?" అంది.

తర్వాత మెల్లిగా అంది. "ఆడి గుడ్డ ఆడికిచ్చీద్దాం. ఒక్క ముక్క ఇక్కడ ఉండిపోనా దానికోసం వత్తానే ఉంటాడు. తిరిగి తిరిగి సలిసిపోనాడమ్మా. ఎల్లనీండి."

మాటిచ్చాను. ఆవిడ చేతిలో చెయ్యేసి మరీ ఇచ్చాను. ఇది గుర్తుపెట్టుకో, ముందు మాటిచ్చింది మీ అమ్మకి.

నీ చొక్కా, లుంగీ మీ ఆవిడ గౌతమి తెచ్చి ఇచ్చింది. గళ్ళ చొక్కా. వార్తాపత్రికలో చుట్టి తెచ్చింది. "ఉతకలేదండి. ఉతకమనకండి" అంది. మెడలో పసుపుతాడు అలాగే ఉంది. ఈ బొమ్మ అయ్యేదాకా ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. అది తనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ చేతులతోనే తెచ్చి ఇచ్చింది.

ఇప్పుడు నా కష్టం చూడు. నేను బతికేదే మిగిలిన గుడ్డ మీద. ఎవరి ప్యాంటులోంచో మిగిలింది, ఎవరి లంగాలోంచో మిగిలింది. మిగలకపోతే నాకు పనే లేదు. నీ దగ్గరికొచ్చేసరికి ఏదీ మిగలకూడదు! కత్తెర వేశాక ముక్కలు రాలకుండా ఉంటాయా? కింద పాత చీర పరుచుకుని కత్తిరించాను. రాలిన పీలికలన్నీ ఏరాను, దారప్పోగులతో సహా. అన్నీ నీ కడుపులోకే కూరాను. బొత్తాలూ నీ లోపలే ఉన్నాయి. ఇదిగో, ఇక్కడ నొక్కితే గట్టిగా తగుల్తాయి.

ఒక మాట చెప్పనా? ఎవరికీ చెప్పలేదు. కాళ్ళు కుట్టిన మర్నాడు లేచి చూస్తే అవి చెమ్మగా ఉన్నాయి. ఉప్పుగాలి పట్టిన గుడ్డ కదా, ఉప్పు చెమ్మని పీల్చుకుంటుంది, ఇది సైన్సే. ఎండలో పెట్టాను, ఆరాయి. మళ్ళీ తెల్లారేసరికి చెమ్మ. నీ పక్కనే సగం కుట్టిన ఏనుగు ఉంది. అదే గది, అదే గాలి. అది పొడిగానే ఉంది.

సైన్సే అయ్యుంటుంది.

ఏదేమైనా, అంతా అనుకున్నట్టే అయిపోయేది, నిన్న బడి విడిచిపెట్టాక నీ కూతురు రాకపోతే.

పుస్తకాల సంచీ వీపు మీద ఉండగానే తిన్నగా లోపలికొచ్చేసింది. నిన్ను దాచే వ్యవధి లేకపోయింది. గబుక్కున నీ మీద తువ్వాలు కప్పాను. కాళ్ళు బయటికే ఉన్నాయి.

"మామ్మా, అదేటి?"

"ఏమీ లేదమ్మా. బిస్కట్ తింటావా?"

"దానికి కాళ్ళున్నాయి" అంది. తువ్వాలు లాగేసింది.

పిల్లలకి బొమ్మ చేతికిస్తే ముందు ఏం చేస్తారో తెలుసా? ముఖం చూస్తారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఏ పిల్లయినా అంతే. సంజన నీ ముఖం చూడలేదు. నీ పొట్ట మీద ముక్కు ఆనించింది. చాలాసేపు ఆనించింది.

"మా నాన్న సొక్కా" అంది.

నేను తువ్వాలు మళ్ళీ కప్పబోయాను.

అప్పుడు చూసింది ముఖం. "కళ్ళు నేవేటి మామ్మా? మరిసిపోనావా?"

"ఇంకా అవలేదు" అన్నాను.

"ఇది నాకేనా?"

"నీకే" అన్నాను.

అయిపోయింది. ఎలా అన్నానంటావా? అలవాటురా! ప్రతి పిల్లా గుమ్మంలోకి వస్తూనే అడుగుతుంది, "నాకేనా?" అని. నేను తలెత్తకుండానే అంటాను, "నీకే" అని. ఎవరికోసం మొదలుపెట్టినా సరే, ఎవరు ముందు అడిగితే వాళ్ళకే. చెయ్యి దారం లాగుతుంటే నోరు ఆ మాట అనేస్తుంది. ఆ పిల్ల అడిగింది, నా నోరు అనేసింది. నిన్ను! ఎల్లుండికి బూడిద చేసే నిన్ను, ఆ పిల్లకి ఇచ్చేశాను.

వెంటనే సర్దుకున్నాననుకో. "ఇది కాదమ్మా, నీకు చేప కుడతాను. పెద్ద చేప, మొప్పలతో, తోకతో" అన్నాను.

"నాకు సేపొద్దు. సేపలు నాన్న తెత్తాడు" అంది.

తర్వాత నడుం మీద చెయ్యి పెట్టుకుని, అచ్చు మీ అమ్మలా నిలబడి, "నీకే అన్నావు కదా మామ్మా. అబద్దం ఆడకూడదని నువ్వే సెప్పినావు" అంది. చెప్పినదాన్నే. ఇప్పుడెక్కడికి పోను?

ఇంతలో నీ గుండె మీద చేత్తో తడిమింది. జేబు కోసం. లేదు అక్కడ. జేబు అప్పటికే విప్పేసి, కడుపులో కూరడానికి పక్కన పెట్టుకున్నాను. పీట మీద కనిపించింది దానికి. తీసుకుంది. మూడు వైపులా దారాలు వేలాడుతున్న ఆ ముక్కని మోకాలి మీద పరిచి, దాని కింద చెయ్యి దూర్చింది.

"నాన్న ఎత్తుకుంటే ఇందులో సెయ్యెట్టి నిద్దరోతాను" అంది.

నిద్దరోయేదాన్ని అనలేదురా. నిద్దరోతాను అంది.

ఆ జేబు అడుగున పచ్చదారంతో గౌతమి వేసిన అతుకు ఉంది. పడవ పనిలో చిరిగిందనుకున్నాను. కాదు. ఈ పిల్ల వేళ్ళు దూర్చి దూర్చి చిరిగింది. అక్కడే, వేళ్ళు ఆగే చోటే, గుడ్డ పల్చబడిపోయి ఉంది.

చెప్పు, నువ్వైతే ఏం చేసేవాడివి? ఆఁ? నీకేం, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. ఒక మాట మీ అమ్మకిచ్చాను, ఇంకో మాట నీ కూతురికిచ్చాను. రెండూ నీ గురించే. రెండూ నిలబెట్టే దారి ఉంటే చెప్పు, వింటాను.

తెల్లవారుజామునే లేచి చేప కుట్టాను. రమణ పంపిన బూడిదరంగు ప్యాంటు గుడ్డతో. బాగా వచ్చింది, నువ్వు చూస్తే ఇది ఏ చేప టీచరమ్మా అని తప్పులు పట్టేవాడివి. పొట్ట కింద, రెక్క చాటున, ఒక చీలిక వదిలాను. ఆ చీలిక లోపల నీ జేబు కుట్టాను. పిల్ల చెయ్యి పట్టేంత. పైకి చూస్తే చేప. లోపల చెయ్యి పెడితే నువ్వు.

ఇవాళ ఆదివారం కదా, పొద్దెక్కకుండానే వచ్చేసింది సంజన. చేప ఇస్తే మూతి ముడిచింది. చెయ్యి పట్టుకుని రెక్క కిందకి తీసుకెళ్ళాను. చెయ్యి లోపలికి వెళ్ళింది. ఇంక మాట్లాడితే ఒట్టు. నీ గురించి అడగలేదు, నీ కళ్ళ గురించి అడగలేదు. నా పీట పక్కన గచ్చు మీదే పడుకుని, చెయ్యి చేప పొట్టలో ఉండగానే నిద్రపోయింది. పగటిపూట ఎప్పుడూ నిద్రపోదే ఆ గుంట!

గౌతమి వెతుక్కుంటూ వచ్చింది. కూతుర్ని లేపబోయి, చెయ్యి ఎక్కడుందో చూసింది. మెల్లిగా ఆ చెయ్యి బయటికి తీసింది. తన చెయ్యి లోపల పెట్టింది. పెట్టి, అలాగే ఆగిపోయింది.

నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను. సూదిలో దారం ఉంది అప్పటికే.

పిల్లని భుజాన వేసుకుంది. చేపని కొంగు కింద పెట్టుకుంది. గడప దాటుతుంటే సంజనకి మెలకువ వచ్చింది కాబోలు, గౌతమి దాని చెవిలో అనడం వినబడింది.

"నాన్నమ్మకి సూపించకే."

అంతే. నా వైపు తిరిగి కూడా చూడలేదు.

మధ్యాహ్నం మీ అమ్మ వచ్చింది. నేను అన్నం కూడా తినలేదు.

"అయిపోనాదేటమ్మా?"

"వీపు కుట్టు ఒక్కటే."

నిన్ను ఒళ్ళోకి తీసుకుంది. మెడ కింద చెయ్యి పెట్టి తీసుకుందిరా, మెడ నిలవని పసిగుడ్డుని తీసుకున్నట్టు. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. కాళ్ళు తడిమింది, చేతులు తడిమింది. "ఎడం సెయ్యి పొట్టిగా వచ్చీసింది" అంది, నవ్వుతూనే. "పోన్లెండి, ఆడు కుడిసేత్తోనే తిన్నాడు."

తర్వాత ఆవిడ చెయ్యి నీ గుండె మీద ఆగింది.

"ఇక్కడ జేబుండాల కదా?"

"లోపల పెట్టాను."

"గుండెకాడ?"

"గుండె దగ్గరే" అన్నాను.

"ఒక్క పీలికా మిగల్నేదు కదా టీచరమ్మా?"

"లేదు" అన్నాను.

నా కాళ్ళు పట్టుకుంది సుమన్. వద్దు వద్దంటే వినదే! "ఈ రేత్రితో ఆకరు. రేపట్నించి నా కొడుకు తడవడు" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఇల్లు అలుకుతుందట. నువ్వు ఆఖరుసారి వస్తావని గుమ్మంలో ముగ్గు వేస్తుందట.

అదీ సంగతి. జేబు నీ గుండె దగ్గర లేదు. నీకు తెలీకుండా ఉంటుందా, నీ గుండె కదా. అయినా నా నోటితో చెప్పాలనిపించింది. ఇంకెవరికి చెప్పను?

ఇప్పటికైనా మించిపోలేదు, నిజమే. నీ వీపు ఇంకా తెరిచే ఉంది. ఆ జేబు తెచ్చి ఇందులోంచి తోసేసి కుట్టేస్తే మీ అమ్మకిచ్చిన మాట నిలుస్తుంది. పొద్దు వాలుతుంటే లేచాను కూడా. కత్తెర కొంగున కట్టుకుని మీ ఇంటి దాకా వెళ్ళాను. సందులోంచే కనబడింది లోపల. సంజన అన్నం తింటోంది. కుడి చెయ్యి కంచంలో ఉంది. ఎడమ చెయ్యి ఒళ్ళో, చేప రెక్క కింద. ముద్ద ముద్దకీ కాళ్ళు ఊపుకుంటోంది.

కత్తెర తీయలేదు. వచ్చేశాను.

ఇటు తిరుగు. నా ఒళ్ళోకి రా, వీపు ఇలా పెట్టు. బిగించే కుడతానులే, ఏ గాలికీ విడిపోవు. ఆ మాటైనా నిలబెట్టాలి కదా మీ అమ్మకి. ...ఇదిగో, ముడి. దారం కొరికేశాను. అయిపోయావు.

మళ్ళీ చెమ్మగా ఉన్నావేమిట్రా? సాయంత్రమే కదా ఎండలోంచి తీశాను.

సరే, విను. ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా విను, కిటికీ వైపు కాదు. రేపు వాళ్ళు నిన్ను పంపేస్తారు. నీది ఒకటి ఇక్కడే ఉండిపోయింది. మీ అమ్మ చెప్పింది నిజం కాకపోతే మంచిదే, అంతా మంచే అనుకుంటాను. నిజమైతే నువ్వు వస్తావు. వస్తే మీ అమ్మ గుమ్మానికి పోకు. ఆ దండెం మీద ఇంక వెతకలేదు ఆవిడ. పిల్ల దగ్గరికి అసలే పోకు, అది దానిది, నేను ఇచ్చేశాను. గౌతమి దగ్గరికీ పోకు, దానికి రేపటి దుఃఖం చాలు.

నా ఇంటికి రా. తోట దాటితే వచ్చేస్తుంది, నీకు తెలిసిన దారే. గుమ్మంలో నిలబడి అడగక్కర్లేదు. లోపలికి రా, తలుపు గడియ పెట్టను. గుడ్డలకేం తక్కువ ఇక్కడ? సంచుల నిండా ఉన్నాయి, అన్నీ పొడివే.

చిన్న చిన్న ముక్కలే అనుకో. ఒక్కొక్కటే తీసుకుని ఒళ్ళు తుడుచుకునేసరికి తెల్లారిపోతుంది. కానీలే. నాకు మాత్రం నిద్ర ఎక్కడ పడుతుంది గనక.